విల్లాలోకి మారబోతున్న బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

నువ్వూ అల్లుడూ కుంచనపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీలో విల్లా మాట్లాడుకున్నారనీ, టోకెన్ అడ్వాన్సు కూడా ఇచ్చేశారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే దేవుడి దగ్గర దీపం పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. ఫోన్‌లో చెబుదామంటే నువ్వెప్పుడూ ఆఫీసు కాల్స్ మధ్యలో ఉంటావు, నా మాట సగంలోనే ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. పాప పడుకున్నాక ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు సంతోషం సంగతి. మా అమ్మానాన్నా మమ్మల్ని బ్రాడీపేటలో రెండు గదుల వాటాలో పెంచారు. నాన్న పొగాకు కంపెనీలో గుమస్తా. కుళాయి అందరికీ ఒకటే. ఇంటివాళ్లు పట్టుకున్నాకే మా బిందె పెట్టాలి. నెల మొదట్లో అద్దె ఇవ్వడానికి వెళ్లి అమ్మ వాళ్ల గుమ్మం బయటే నిలబడేది, వాళ్లు లోపలికి రమ్మన్నా వెళ్లేది కాదు. ఆ అమ్మకి మనవరాలివి నువ్వు. ఎవరి సిఫార్సూ లేకుండా చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, దస్తావేజులో నీ పేరు రాయించుకోబోతున్నావు. మన ఇంట్లో ఆడపిల్ల పేరు మీద ఇల్లు రిజిస్టర్ అవడం ఇదే మొదలు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇక ముందు ఎక్కడ కోప్పడినా ఈ మాట గుర్తుపెట్టుకుని చదువు.

కాగితాల సంగతి మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. ప్రాజెక్టుకి ఏపీ రెరా (బిల్డర్ల మీద అజమాయిషీ చేసే సంస్థ) నంబరు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ప్లాన్ అప్రూవల్ ఉన్నాయో లేదో చూడండి. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ తీయించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, బిల్డర్ చూపించిన లాయరుకి కాకుండా మీకు తెలిసిన లాయరుకి ఇచ్చి చదివించండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది, అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. ఆ రోజుల్లో మీ లేఅవుట్ దారిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ పక్క ఊళ్లో టీ కొట్టు దగ్గర అడిగి తెలుసుకోండి.

బ్యాంకు లెక్క కూడా నేను వేసి చూశాను. ధర కోటీ 60 లక్షలని అమ్మ చెప్పింది. 75 లక్షలు దాటిన గృహరుణానికి బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో 75 శాతం వరకే. అంటే కోటీ 20 లక్షలు. మిగతా 40 లక్షలు మీవి. దానికి తోడు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, పూర్తి ధరకి రిజిస్టర్ చేయిస్తే 12 లక్షలు. ఇల్లు పూర్తయి ఓసీ (ఇంట్లో దిగొచ్చని ఇచ్చే పత్రం) రాకముందే కొంటే జీఎస్టీ 5 శాతం, అది 8 లక్షలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు లోన్‌లో కలవవు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లంటే ఈఎంఐ లక్షా 4 వేల చిల్లర. మొత్తం కట్టేది దాదాపు రెండున్నర కోట్లు. ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) తీసుకుంటే ముందుగా కట్టినా పెనాల్టీ ఉండదు. అల్లుడికి బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా మూడేళ్లకు పైగా ముందే అప్పు తీరిపోతుంది. మీ ఇద్దరి జీతాలకి ఇది మోయగలిగిన బరువే. ఈ లెక్క గురించి నాకు భయం లేదు.

నా భయమంతా ఆ గేటు లోపలికి వెళ్లాక మొదలయ్యే ఖర్చు గురించి. అది ఏ శాంక్షన్ లెటర్‌లోనూ రాసి ఉండదు.

నేను బ్యాంకులో గోల్డ్‌లోన్ కౌంటరులో ఎక్కువ కాలం పనిచేశానని నీకు తెలుసు. చిన్నప్పుడు వచ్చి, బంగారానికి విలువ కట్టే అప్రైజర్ గారి గీటురాయితో ఆడుకునేదానివి. అక్కడ కూర్చుంటే ఊరు వెనక వైపు నుంచి కనిపిస్తుంది. బయట పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరి మెడలో ఏముందో అందరూ చూస్తారు. నేను చూసింది ఆ మెడలు బోసిపోయే రోజులు. పొలం పెట్టుబడికి తాకట్టు పెట్టే రైతులు తలెత్తుకునే వచ్చేవాళ్లు. పంట రాగానే విడిపించుకుంటామని గట్టిగా చెప్పేవాళ్లు. వైద్యానికి పెట్టేవాళ్లు ఏడుస్తూ వచ్చేవాళ్లు, వాళ్లకి గబగబా పని చేసి పంపేవాళ్లం. ఇంకో రకం ఉండేవాళ్లు. మంచి కాలనీల నుంచి, భర్తలు ఆఫీసులకి వెళ్లిపోయాక పదకొండు గంటల వేళ, ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు. ఆటో దిగి ముందు అటూ ఇటూ చూసేవాళ్లు. ఫోన్ నంబరు అడిగితే "మెసేజ్ మా ఆయన ఫోన్‌కి వెళ్లదు కదండీ" అని అడిగేవాళ్లు. స్కూళ్లు తెరిచే జూన్‌లో ఎక్కువ. శ్రావణ మాసం ముందు మళ్లీ వచ్చేవాళ్లు, ఈసారి విడిపించుకోవడానికి. నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి నగ విడిపించి, వరలక్ష్మీ వ్రతం రోజు నలుగురిలో పెట్టుకుని, మరుసటి వారం అదే నగ అదే సంచిలో తిరిగి తెచ్చేవాళ్లు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఒక్క సాయంత్రం మెడలో కనిపించడానికి!

ఒకావిడ రాళ్ల హారం తెచ్చింది. అప్రైజర్ గారు రాళ్ల బరువు తీసేసి, మిగిలిన బంగారానికి విలువ కట్టి, అందులో 75 శాతం వరకే లోన్ వస్తుందని చెప్పారు. తరుగూ మజూరీ కలిపి ఆవిడ కొన్నది దాదాపు రెట్టింపు పెట్టి. ఆ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఏమండీ, మంచినీళ్లు తాగుతారా అని అడిగితే "మా వారికి ఇది కొన్న రేటు కూడా నిజం చెప్పలేదండీ" అంది. నీ ఇంటి వార్త విన్న రాత్రి నాకు గుర్తొచ్చింది ఆవిడే. ఆవిడేం చెడ్డ మనిషి కాదు. నీలాగే ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది.

ఇప్పుడు నీకు మీ పెద్దమామయ్య సంగతి చెప్పాలి. మా అన్నయ్య 2008లో చేసిన ఓణీల ఫంక్షన్ నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గరే తిరిగావు, ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలోనూ చేతిలో కప్పుతో కనిపిస్తావు. ఆ సాయంత్రానికి ముందూ వెనకా జరిగింది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఆయన కూతురు, నీకు వదిన, బాధపడుతుందని మా తోబుట్టువుల్లో ఎవరం ఎత్తం. ఈమధ్య తననే అడిగాను, "బుజ్జికి చెప్పనా" అని. "చెప్పండి అత్తా, నేనే చెబుదామనుకుంటున్నాను" అంది.

అన్నయ్య లెక్చరర్. తాగుడు లేదు, పేకాట లేదు, లెక్క తప్పని మనిషి. 2004లో లక్ష్మీపురంలో ఇల్లు కట్టుకున్నాడు. తాహతుకి తగ్గట్టే కట్టాడు, అప్పు కూడా తక్కువే. అప్పటిదాకా కొరిటెపాడులో అద్దెకి ఉండేవాళ్లు. అక్కడ చుట్టూ ఉన్నది టీచర్లు, గుమస్తాలు. ఒకటో తారీఖున అందరి ఇళ్లలోనూ సరుకులు దిగేవి, ఇరవై ఐదు వచ్చేసరికి అందరి ఇళ్లలోనూ పప్పుచారే. కొత్త వీధి అలా కాదు. ఎదురింటివాళ్లు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, కోల్డ్ స్టోరేజీలో వాటా ఉన్నవాళ్లు. పక్కింట్లో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. మంచివాళ్లు బుజ్జీ. ఒక రాత్రి మా వదినకి, అంటే అన్నయ్య భార్యకి, కడుపునొప్పి వస్తే వాళ్ల కారులోనే కొత్తపేట తీసుకెళ్లి, తెల్లవార్లూ హాస్పిటల్‌లో కూర్చున్నారు. మా అన్నయ్యని చిన్నచూపు చూసినవాళ్లు ఆ వీధిలో ఒక్కరు లేరు.

అయినా అన్నయ్య మారాడు. ముందు గేటు మార్చాడు. బాగానే ఉన్న స్కూటర్ అమ్మి కారు కొన్నాడు. కాలేజీ దగ్గర పార్కింగ్ లేక ఆ కారు ఇంట్లోనే ఉండేది, ఆయన సిటీ బస్సులో వెళ్లేవాడు. యార్డులో రేటు కలిసొచ్చిన సీజన్లో ఎదురింటివాళ్లకి మిగిలేది లెక్చరర్ ఏళ్ల తరబడి సంపాదించేదానికి సమానం. రేటు పడిపోయిన ఏడాది వాళ్లెంత పోగొట్టుకున్నారో వీధికి తెలియదు. అన్నయ్యకి వాళ్ల ఖర్చు కనిపించింది గానీ ఆదాయం తెలియదు, అప్పు అసలే తెలియదు. నెల జీతగాడు వ్యాపారస్తుడి పక్కన నిలబడి తనని తాను కొలుచుకున్నాడు.

ఎదురింటివాళ్లు వాళ్ల అమ్మాయికి అమరావతి రోడ్డులో హాలు తీసుకుని ఓణీల ఫంక్షన్ చేశారు. ఆ తర్వాత రెండేళ్లకి మన పిల్ల వంతు వచ్చింది. పిల్ల అడిగింది మంగళగిరి పట్టు లంగా ఓణీ, ఇంట్లోనే భోజనాలు, క్లాసులో స్నేహితులు. అంతే. "ఇంట్లో చేస్తే వీధిలో ఏమనుకుంటారు" అన్నాడు అన్నయ్య. మా అమ్మ అప్పటికి ఉంది. "ఓణీ వేసేది పిల్లకా, వీధికా" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. అదే హాలు, అంతకంటే పెద్ద మెనూ, రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది కార్డులో ఒక వాక్యం. "చదివింపులు స్వీకరించబడవు" అని వేయించాడు. ఎదురింటివాళ్లు అలా వేయించారు కాబట్టి. బుజ్జీ, మా నాన్న బీరువాలో పట్టాదారు పాస్‌బుక్ పక్కన చదివింపుల పుస్తకం ఉండేది. ఎవరి పెళ్లిలో ఎంత చదివించామో, మన ఇంట్లో శుభకార్యానికి ఎవరెంత చదివించారో అంతా నాన్న దస్తూరీలో ఉండేది. వాళ్లు 116 చదివిస్తే, వాళ్లింట్లో పెళ్లికి మనం కాస్త కలిపి చదివిస్తాం. నా పెళ్లి భోజనాల ఖర్చు సగం ఆ పుస్తకంలోంచే వచ్చింది. జీతగాళ్ల ఇళ్లలో ఒక పెళ్లి ఖర్చుని నలుగురూ తలా కాస్త మోసే పద్ధతి అది. అన్నయ్య పాతికేళ్ల పాటు అందరి ఇళ్లలోనూ చదివించాడు. తన వంతు వచ్చేసరికి వద్దన్నాడు. వద్దన్నందుకు వీధిలో గౌరవం పెరిగిందో లేదో నాకు తెలియదు. మా చుట్టాల్లో చాలామంది మాత్రం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు, తమ 500 రూపాయలు ఆయనకి ఆనలేదని.

ఆ రోజు హాలులో వదిన ఎదురొచ్చి నా చేయి పట్టుకుంది. మెడలో కాసులపేరు, నల్లపూసలు, రెండు పేటల గొలుసు. నా చూపు అక్కడే ఆగిపోయింది. రోజూ బంగారం చూసే కళ్లు కదా. ఒక్క పుస్తెలతాడు తప్ప మిగతా అంతా వన్ గ్రామ్ గోల్డ్. నేను చూసినట్టు వదినకి తెలిసింది. పమిట సర్దుకుని "భోంచేశావా" అంది. అసలు నగలు ఒక ప్రైవేటు ఫైనాన్సులో ఉన్నాయి. మా బ్యాంకులో పెడితే వడ్డీ తక్కువ పడేది, కానీ నా కౌంటరుకి రావడానికి మొహం చెల్లలేదు. చెల్లెలి దగ్గర దాచడానికి అన్నయ్య ఎక్కువ వడ్డీ కట్టాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అడిగితే నేను లేదంటానా?

ఏడాది తిరగకుండానే వేలం నోటీసు వచ్చింది. నగలు విడిపించడానికి 2009లో తుళ్ళూరు దగ్గర నాన్న ఇచ్చిన ఎకరంన్నర అమ్మాడు. తర్వాత సంగతి నీకు తెలుసు. 2014లో రాష్ట్రం విడిపోయింది, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే రాజధాని అన్నారు. భూసమీకరణలో ఎకరం జరీబు (నీటి వసతి ఉన్న) భూమి ఇచ్చిన రైతుకి వెయ్యి గజాల ఇళ్ల స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన రోజు ఊరంతా టీవీల ముందుంటే అన్నయ్య టీవీ కట్టేసి పడుకున్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, భూములిచ్చినవాళ్లు రోడ్డెక్కారు, ఇప్పుడు మళ్లీ క్రేన్లు తిరుగుతున్నాయి. భూమి ధర ఎక్కుతుంది, దిగుతుంది. చుట్టాలంతా "ఉంచుకుని ఉంటే ఎంతయ్యేదో" అని ఆ ధరే చెప్పుకుంటారు. నేను చెప్పేది పిల్ల గురించి.

రాజధాని మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ఆ పొలం నీ ఓణీల ఫంక్షన్‌కే పోయిందమ్మా" అనేవాళ్లు. నవ్వుతూనే అనేవాళ్లు. తను ఆ ఫంక్షన్ అడగలేదు. అయినా అది తన పేరు మీదే పడింది. ఇంజినీరింగ్‌కి హైదరాబాద్‌లో సీటు వచ్చినా హాస్టల్ ఖర్చని వెళ్లలేదు. ఏది కొనాలన్నా అడగడం మానేసింది. పెళ్లి కుదిరాక మొదట చెప్పిన మాట "అన్నవరంలో చేసుకుంటాం." రెండు వైపులా కలిపి ఒక బస్సు జనం. సత్యనారాయణస్వామి ప్రసాదం, కొండ కింద హోటల్లో భోజనం. ఆ పెళ్లికి నువ్వూ వచ్చావు, మంచి పెళ్లి అని నువ్వే అన్నావు. వదిన ఆ రోజు మళ్లీ తన అసలు కాసులపేరు పెట్టుకుంది. అన్నయ్య నా పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

ఇదంతా ఆయన మీద నేరం మోపడానికి రాయలేదు. అంత నిదానస్తుణ్ణే ఆ వీధి నాలుగేళ్లలో మార్చేసింది. నువ్వు ఆయనకంటే గట్టిదానివని నేను నమ్ముతాను. కానీ ఆయనకి ఎదురుగా ఉన్నవి రెండు ఇళ్లు. నీకు గేటు లోపల వంద ఇళ్లు ఉంటాయి, అందరిదీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. ఎవరు ఏ దేశం వెళ్లారో, ఎవరింట్లో ఏ కారు దిగిందో పొద్దున్నే నీ చేతిలోనే తెలుస్తుంది.

ఇక తిట్లు. లోన్ శాంక్షన్ కాకముందే కర్టెన్లు, ఫాల్స్ సీలింగ్ ఫొటోలు అమ్మకి పంపావట. శాంపిల్ విల్లా చూసి వచ్చి "అలాగే చేయించాలి" అన్నావట. శాంపిల్ విల్లా బిల్డర్ డబ్బుతో, అమ్మడం కోసం చేయించింది. ఆ ఇంట్లో ఎవరూ ఉల్లిపాయలు కొయ్యరు, పిల్లలు గోడల మీద గీయరు. మీరు ఫ్యాన్లు, లైట్లు, వంటింటి అరలు, ఒక బీరువా పెట్టుకుని దిగిపోండి. ఒక ఏడాది ఉండండి. ఎండ ఎటు నుంచి వస్తుందో, ఏ గదిలో కూర్చుంటారో తెలిశాక మిగతావి నెమ్మదిగా చేయించుకోవచ్చు. గృహప్రవేశానికి మనవాళ్లని పిలవండి, పాలు పొంగించండి, చదివింపులు తీసుకోండి, పుస్తకంలో రాసుకోండి.

కొత్తలో ఒక జాగ్రత్త. మొదటి ఏడాది నువ్వు చేసేదే నీ అలవాటుగా అందరూ లెక్కేసుకుంటారు. అక్కడ జరిపే పాప మొదటి పుట్టినరోజుకి వెయ్యి రూపాయల రిటర్న్ గిఫ్ట్ ఇస్తే వచ్చే ఏడు ఐదు వందలది ఇవ్వలేవు. వ్రతానికి అందరూ ఒకే రంగు పట్టుచీర అన్నప్పుడు మొదటిసారే "నా దగ్గరున్న చీర కట్టుకుని వస్తాను" అని నవ్వుతూ చెప్పు. మూడోసారి చెబితే డబ్బు ఇబ్బందేమో అనుకుంటారు, మొదటిసారే చెబితే నీ పద్ధతి అనుకుంటారు. వెళ్లడం మాత్రం మానకు. పసుపు కుంకుమ తీసుకో, పాట పాడు, వాళ్ల పిల్లల పేర్లు తెలుసుకో. ఇరుగుపొరుగు మీద కోపం పెంచుకోమని నేను చెప్పట్లేదు. అక్కడ సగం మంది నీలాగే భయపడుతూ ఉంటారు, ఎవరో ఒకరు ముందు తగ్గితే బాగుండునని ఎదురుచూస్తూ ఉంటారు.

పాప సంగతి. స్కూలు ఫీజు ఈ ఏటిది చూసి చేర్చకండి, ఏటా పెంచుకుంటూ పదో తరగతి దాకా లెక్కేసి చూడండి. "మన కారు ఎందుకు చిన్నది" అని అడిగే రోజు వస్తుంది. అప్పుడు గద్దించకు, వేరేవాళ్ల గురించి చులకనగా కూడా మాట్లాడకు. మనకి ఇంత వస్తుంది, ఇంటికి ఇంత కడుతున్నాం, ఈ కారు మనకి సరిపోతుంది అని అంకెలతో చెప్పు. పిల్లలకి అంకెలు అర్థమవుతాయి. ఇంకోటి. అలాంటి చోట్ల పనివాళ్లకి వేరే గేటు, వెళ్లేటప్పుడు సంచి తనిఖీ ఉంటాయట. నీ ఇంట్లో పనిచేసే ఆవిడని పాప "అక్కా" అనో "ఆంటీ" అనో పిలవాలి, పేరు పెట్టి కాదు. మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా చూడడం పిల్లలు మొదట నేర్చుకునేది ఆ గేటు దగ్గరే. మా అమ్మ కుళాయి దగ్గర నిలబడ్డ రోజులు మరిచిపోకూడదు మనం.

పటమటలో మీ పాత అపార్ట్‌మెంట్ వాళ్లని వదులుకోవద్దు. పాపకి డెంగ్యూ వచ్చినప్పుడు రాత్రుళ్లు కాపలా కాసింది వాళ్లే.

అల్లుడికి ఒక మాట. అబ్బాయీ, నువ్వు తక్కువ మాట్లాడతావు, అది నీ మంచితనం. ఈ విషయంలో మాత్రం మౌనం వద్దు. నెలకి ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని జీతాలు, ఈఎంఐలు, క్రెడిట్ కార్డు బిల్లులు అన్నీ ఒక్క కాగితం మీద రాయండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు అప్పు చేయకూడదు, అది ఐదు వేలైనా సరే. ఆఫీసులో ఏదైనా తేడా వస్తే ఆ సాయంత్రమే ఆమెకి చెప్పు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎలా ఉన్నాయో నేనూ పేపర్లో చదువుతున్నాను. ఆర్నెల్ల ఈఎంఐ పక్కన పెట్టాకే సోఫా సంగతి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం మీ ఇద్దరి చేతా ఒట్టు వేయించుకోవాలని ఉంది. పదకొండు గంటల వేళ ఒంటరిగా వచ్చేవాళ్లని చూసి చూసి పుట్టిన భయం ఇది. బుజ్జీ, నువ్వు ఏ కౌంటరు ముందూ అలా నిలబడకూడదు.

ఇప్పుడు అసలు కోపం. అడ్వాన్సుకి 4 లక్షలు తగ్గితే మీ అమ్మ తన గాజులు నీ చేతిలో పెట్టిందట. నువ్వు తీసుకున్నావట. "తనే ఇచ్చింది పెద్దమ్మా" అంటావు, తెలుసు. అది ఇస్తుంది, దానికి అడగడం రాదు, ఇవ్వడమే వచ్చు. మీ నాన్న పోయాక అమ్మకంటూ మిగిలినవి ఆ నాలుగు గాజులే. పెన్షన్‌తో బతికే మనిషికి రేపు హాస్పిటల్ అవసరం వస్తే వాటినే చూసుకోవాలి. తాకట్టు పెట్టి ఉంటే వెంటనే విడిపించండి. ఆ 4 లక్షలు నా ఫిక్స్‌డ్ డిపాజిట్ లోంచి ఇస్తాను, వడ్డీ వద్దు, మీకు వీలైనప్పుడు ఇవ్వండి. మొహమాటపడితే నా మీద ఒట్టే. అన్నయ్య నా దగ్గరికి రాలేదు. నువ్వు రా తల్లీ.

వచ్చే ఆదివారం ముగ్గురూ గుంటూరు రండి. బిల్డర్ ఇచ్చిన అగ్రిమెంటు డ్రాఫ్టు, పేమెంటు షెడ్యూలు, ఇద్దరి ఫారం 16లు (జీతం, పన్ను వివరాల కాగితాలు) తెచ్చుకోండి. ఆలస్యమైతే బిల్డర్ ఎంత కట్టాలో అగ్రిమెంటులో రాశారో లేదో నేను చూడాలి. మీ పెదనాన్నకి ఇలాంటి కాగితాలు చదవడమంటే ఇష్టం, కళ్లజోడు కూడా మార్పించుకున్నారు. అల్లుడికి గోంగూర మాంసం, నీకు చింతచిగురు పప్పు చేస్తాను. వచ్చేటప్పుడు అమ్మని కూడా ఎక్కించుకుని రండి, బస్సులో రానివ్వకండి. మోకాళ్ల నొప్పులని నీకు చెప్పి ఉండదు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు